ఉన్ని అంటే వెంట్రుకే

ఉన్ని బట్టలను లోపల పెట్టే సమయం తెలుగునాట శివరాత్రి తర్వాత వస్తుంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని నానుడి. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు, మన్యంలో లంబసింగి, చింతపల్లి ప్రాంతాల్లో మరికొన్నాళ్లు తెల్లవారుజామున స్వెటర్ అవసరం పడినా, ఉగాది నాటికి అక్కడా దానితో పని తీరిపోతుంది. ఇక కార్తీకం దాకా, అంటే దాదాపు ఎనిమిది నెలలు, ఆ బట్టలు బీరువా అడుగునో అటక మీదో ఉండిపోతాయి. ఏడాదిలో మూడు నాలుగు నెలలు మాత్రమే ఒంటిమీద ఉండే బట్ట ఇది. ఇది పాడయ్యేది వాడకం వల్ల తక్కువ, దాచిన తీరు వల్ల ఎక్కువ.

దాచే తీరు తెలియాలంటే ముందు ఉన్ని ఏమిటో తెలియాలి. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత అసలు సంగతి చెప్పేస్తుంది: గొంగడి అంటేనే వెంట్రుకలు. గొర్రె ఉన్ని, లద్దాఖ్ మేకల నుంచి వచ్చే పశ్మీనా, మనిషి జుట్టు మూడూ కెరటిన్ అనే ప్రొటీన్‌తో తయారైనవే. నూలు మాత్రం మొక్క నుంచి వచ్చిన సెల్యులోజ్. నూలు చీరను ఉతికినట్టు స్వెటర్‌ను ఉతకకూడదనడానికీ, పక్కనే ఉన్న నూలు పంచెను వదిలేసి పురుగు శాలువానే కొట్టడానికీ కారణం ఈ తేడాయే. ఉన్ని విషయంలో ఏ అనుమానం వచ్చినా, ఈ పని తలవెంట్రుకలకు చేస్తామా అని ఆలోచిస్తే చాలాసార్లు జవాబు దొరుకుతుంది. జుట్టును ఎవరూ బండ మీద బాదరు, బట్టల సోడాలో నానబెట్టరు, తడి ఆరకుండా ముడి వేసి నెలల తరబడి వదిలేయరు.

అయితే ఇంట్లో ఉన్న చలి బట్టలన్నీ ఉన్నివి కావు. చలికాలంలో హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో టిబెటన్లు పెట్టే దుకాణాల్లో, ఫుట్‌పాత్ మీది గుట్టల్లో దొరికే స్వెటర్లలో చాలా భాగం ఆక్రిలిక్. మెత్తగా, బరువుగా ఉండే పూల రగ్గులు పాలిస్టర్. సన్మాన సభల్లో కప్పే శాలువాల సంగతి చెప్పనక్కర్లేదు, వాటిలో ఉన్ని పోగు కనిపించడమే అరుదు. మెడ వెనకో పక్క కుట్టులోనో ఉండే చీటీ చూస్తే ఏ పోగు ఎంత శాతమో తెలుస్తుంది. చీటీ ఊడిపోయి ఉంటే లోపలి కుట్టు దగ్గర ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించాలి. ఉన్ని అయితే జుట్టు కాలిన కంపు వస్తుంది, మంట తీయగానే ఆరిపోతుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. ఆక్రిలిక్ అయితే కరుగుతూ మండి, చివర గట్టి నల్లపూసలా మిగులుతుంది. ఆక్రిలిక్, పాలిస్టర్ పురుగుకు తిండి కావు. వాటిని మామూలుగా ఉతికి, బాగా ఆరబెట్టి మడిచి పెడితే సరిపోతుంది. రెండూ కలిసిన నేతలో మాత్రం ఉన్ని పాలు పురుగు పాలవుతుంది, అల్లిక అక్కడే వదులవుతుంది. కాబట్టి సగం ఉన్ని ఉన్నా దాన్ని ఉన్నిగానే చూడాలి.

ఉన్నికి ప్రధాన శత్రువు చిమ్మెట. కొన్నిచోట్ల ఈ మాటను కీచురాయికి వాడతారు గానీ ఇక్కడ చెప్పేది బట్టల చిమ్మెట గురించి. తెలుగు బైబిలు చదివినవారికి బట్టలు కొట్టే పురుగుగా దీని పేరు పరిచయమే. ఎండుగడ్డి రంగులో మెరిసే ఈ రెక్కల పురుగు సెంటీమీటరు పొడవు కూడా ఉండదు. దీపం చుట్టూ మూగే పురుగుల్లో ఇది కనిపించదు. వెలుతురు దీనికి పడదు, బీరువా తెరవగానే చీకటి మూలకు పాకిపోతుంది. రెక్కలొచ్చాక ఇది అసలేమీ తినదు, తినడానికి తగిన నోరే దానికి ఉండదు. కొట్టేదంతా పిల్లపురుగు. ఆడ చిమ్మెట మడతల్లో 40, 50 గుడ్లు పెడుతుంది. వెచ్చగా ఉంటే అవి వారం పది రోజుల్లో పొదుగుతాయి. తెల్లటి ఒళ్లు, గోధుమరంగు తల ఉన్న పిల్లపురుగు బయటికొచ్చి, పట్టుపోగు లాంటి దారంతో గూడు అల్లుకుంటూ ఉన్నిని కొరుకుతుంది. అన్నీ కలిసొస్తే రెండు నెలల్లో దాని ఎదుగుదల పూర్తవుతుంది. తిండి, తేమ చాలకపోతే రెండేళ్ల దాకా కూడా పురుగుగానే బతకగలదు. ఒక చలికాలం ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉండటానికి వీల్లేదన్నమాట.

వెంట్రుకను తిని అరిగించుకోగలిగిన జీవులు ప్రపంచంలో చాలా తక్కువ. కెరటిన్‌లో గంధకపు బంధాలు పోగులను గట్టిగా పట్టి ఉంచుతాయి. చిమ్మెట పిల్లపురుగు కడుపులోని క్షారగుణం ఉన్న రసాలు ఆ బంధాలను తెంచగలవు. అయినా ఉత్త ఉన్నితో దాని కడుపు నిండదు. పెరగడానికి కావలసిన లవణాలు, విటమిన్లు చెమట మరకల్లో, మీద ఒలికిన కూర చుక్కలో, పాల చారలో దొరుకుతాయి. అందుకే చిల్లులు ఎక్కువగా చంకల దగ్గర, మెడపట్టీ దగ్గర, రొమ్ము భాగంలో పడతాయి. 'రెండుసార్లే కదా వేసుకున్నది' అని ఉతక్కుండా మడిచి పెట్టిన స్వెటర్ పురుగుకు పెట్టిన విందు. దాచే ముందు శుభ్రం చేయడమే సగం రక్షణ, మందుల వంతు ఆ తర్వాతే.

చిమ్మెటతో పాటు మరో పురుగు ఉంది. రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల పొడవు, గుండ్రటి ఒళ్లు, వీపు మీద మచ్చలు ఉండే పెంకుపురుగు ఇది. దీని పిల్లపురుగుకు ఒళ్లంతా నూగు. గొంగళిని పోలిన నూగు ఉన్నందుకు గొంగళిపురుగుకు ఆ పేరు వచ్చింది, ఇది అలాగే కనిపిస్తూ గొంగళినే తింటుంది. ఈకలు, రాలిన వెంట్రుకలు, చచ్చిన పురుగులు కూడా దానికి ఆహారమే. నగరాల్లో అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో, ఏసీ డబ్బాల వెనక పావురాలు పెట్టే గూళ్లు ఇలాంటి పురుగులకు పుట్టిళ్లు. బీరువా ఎంత శుభ్రంగా ఉంచినా, దాని పక్క కిటికీ బయట పాత గూడు ఉంటే పురుగు రాక తప్పదు. పక్షులు వదిలేసిన గూటిని తీసేయడం కూడా స్వెటర్లను కాపాడుకునే పనిలో భాగమే.

ఇక శుభ్రం చేసే పద్ధతి. ఉన్ని పోగు మీద చేప పొలుసుల్లాంటి పొలుసులు ఉంటాయి. వేడి నీళ్లు, సబ్బులోని క్షారం, రుద్దుడు కలిసినప్పుడు ఆ పొలుసులు లేచి ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి. పెద్దవాళ్ల స్వెటర్ పిల్లవాడికి కూడా పట్టకుండా కుంచించుకుపోయేది ఇందుకే. ఒకసారి అలా అయిన దాన్ని వెనక్కి తీసుకురావడం కుదరదు. కాబట్టి నీళ్లు గోరువెచ్చన దాటకూడదు, 30 డిగ్రీల లోపు ఉంటే మంచిది. మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నీళ్లు వేడెక్కి ఉంటాయి గనుక ఈ పని పొద్దున్నే పెట్టుకోవాలి. జాడించే నీళ్లు కూడా అంతే వేడిలో ఉండాలి. ఒకటి వేడి, ఒకటి చల్లన అయితే ఉన్ని బిగుసుకుంటుంది.

బట్టల సబ్బు బిళ్ల, మామూలు సబ్బు పొడి, సోడా ఉన్నికి పనికిరావు. మరకలు పోగొట్టడానికి కొన్ని సబ్బు పొడుల్లో ప్రొటీన్‌ను విరగ్గొట్టే ఎంజైములు కలుపుతారు. అవి నూలు చొక్కా మీది కూర మరకతో పాటు ఉన్నిని కూడా మరకగానే చూస్తాయి. బ్లీచింగ్ ద్రవం అయితే ఉన్నిని కరిగించేస్తుంది. ఉన్ని బట్టల కోసమే అమ్మే ద్రవ సబ్బు వాడవచ్చు. అంతకంటే పాతదీ, ఏ మాత్రం తీసిపోనిదీ కుంకుడుకాయ. తలంటుకు పనికొచ్చినది ఉన్నికి పనికిరాకపోవడమేమిటి? కుంకుడు రసంలోని సపోనిన్లు మురికిని వదిలిస్తాయి, దాని గుణం కాస్త పులుపు వైపే గనుక పోగు పొలుసులు లేవవు. బోరు నీళ్లు ఉప్పగా ఉండే చోట సబ్బు విరిగి తెట్టు కట్టి బట్టకు అంటుకుంటుంది. కుంకుడు రసంతో ఆ బాధ లేదు. ఒక స్వెటర్‌కు అయిదారు కాయలు గింజలు తీసి రాత్రి నానబెట్టి, పొద్దున పిసికి, పలచని గుడ్డలో రెండుసార్లు వడగట్టాలి. తొక్క ముక్కలు మిగిలితే మరక పడుతుంది. తెల్ల ఉన్నిని ఈ రసం కొద్దిగా మసకబారుస్తుంది కాబట్టి దానికి ద్రవ సబ్బే మేలు.

ఉతికే ముందు జేబులు ఖాళీ చేసి, బట్టను బయట దులిపి, మెత్తటి బ్రష్‌తో మడతలు, కుట్లు తుడవాలి. చేత్తో అల్లిన స్వెటర్ అయితే పాత వార్తాపత్రిక మీద పరిచి చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి ఉంచుకోవడం మంచి అలవాటు. ఆరబెట్టేటప్పుడు ఆ గీతకు సరిపెట్టవచ్చు. బట్టను తిరగేసి, టబ్బులో ముంచి, చేతులతో నొక్కుతూ వదులుతూ పది నిమిషాల్లో ముగించాలి. రుద్దకూడదు, బ్రష్ కొట్టకూడదు, గంటల తరబడి నానబెట్టకూడదు. ఆఖరి జాడింపులో ఒక చెంచా నిమ్మరసం కలిపితే మిగిలిన సబ్బు గుణం విరుగుతుంది. చీటీ మీద నీళ్ల తొట్టి బొమ్మలో చెయ్యి ఉంటే చేత్తో ఉతకవచ్చని అర్థం. ఆ తొట్టి మీద అడ్డగీతలు ఉంటే నీళ్లు తగలకూడదు. వాషింగ్ మెషిన్‌లో ఉన్నికి వేరే మీట ఉన్నా, చేత్తో అల్లినవాటిని అందులో వేయకపోవడమే తెలివి.

తడిసిన ఉన్ని తన బరువుతోనే సాగిపోతుంది. కాబట్టి పిండకుండా, పొడి తువ్వాలులో చాపలా చుట్టి అదిమితే నీళ్లు చాలావరకు తువ్వాలుకు పట్టేస్తాయి. తర్వాత దండెం మీద వేయకుండా పరిచి ఆరబెట్టాలి. దీనికి నులక మంచాన్ని మించినది లేదు, పైనుంచీ కిందనుంచీ గాలి ఆడుతుంది. నవారు మంచమైనా పర్వాలేదు. నీడలో, గాలి తగిలే చోట వేసి మధ్యలో ఒకసారి తిరగేయాలి. పైకి ఆరినట్టు కనిపించినా తొందరపడకూడదు. ఉన్ని తన బరువులో మూడో వంతు దాకా తేమను పట్టుకుని కూడా చేతికి పొడిగానే తగులుతుంది. ఉతికిన మర్నాడు ఇంకో రోజు ఆరనిచ్చి పెట్టెలో పెట్టడం మంచిది.

కోట్లు, లైనింగ్ ఉన్న జాకెట్లు ఇంట్లో ఉతికేవి కావు. లోపలి బట్ట, భుజాల మెత్తలు, పై ఉన్ని ఒక్కోటి ఒక్కో రకంగా కుంచించుకుపోయి ఆకారం చెడుతుంది. వాటిని డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి. అందులో వాడే ద్రావకం గుడ్లను, పురుగులను కూడా చంపుతుంది. తిరిగొచ్చాక ప్లాస్టిక్ కవరు వెంటనే తీసేసి ఒక పూట గాలికి వేలాడదీస్తే మందు వాసన పోతుంది. ఆ కవరులోనే దాచితే లోపల చెమ్మ పడుతుంది. పశ్మీనాలకూ, జరీ ఉన్న శాలువాలకూ ఇదే దారి.

తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల ముతక ఉన్నితో నేసే గొంగడి కథ వేరు. నేతలో పోగుకు చింతగింజల గంజి పట్టిస్తారు. గొంగడి బిరుసుగా, వానకు తట్టుకునేలా ఉండటంలో దాని పాత్ర ఉంది. సబ్బు పెట్టి ఉతికితే ఆ బిగువు పోతుంది. గొంగడిని కర్రతో దులిపి, ఎండలో రెండు పక్కలా కాగనివ్వడమే దానికి శుభ్రత. గొర్రెల కాపరి భుజం మీద ఎండలో, వానలో ఏడాది పొడుగునా తిరిగే గొంగడికి పురుగు భయం పెద్దగా ఉండదు. చిమ్మెటకు కావలసింది కదలిక లేని చీకటి. ఇష్టంగా కొని, వాడకుండా మడిచి పెట్టిన గొంగడికే ప్రమాదం.

దాచే పెట్టె గురించి. మూత బిగుసుకునే రేకు ట్రంకు పెట్టె ఇప్పటికీ మంచిదే. తుప్పు మరక అంటకుండా అడుగున పాత నూలు బట్ట పరచాలి. ముందు పెట్టె మూలలు, బీరువా అరల సందులు దులిపి తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే బట్టలు పెట్టాలి. పాత నూలు పంచెలో, మెత్తబడిన నూలు చీరలో ఉన్నిని మూటగా చుడితే గాలి ఆడుతుంది, దుమ్ము పడదు. ఆ గుడ్డకు గంజి ఉండకూడదు, గంజికి సిల్వర్‌ఫిష్ పురుగులు చేరతాయి, బూజు కూడా పడుతుంది. అల్లిక బట్టలు హ్యాంగర్‌కు వేస్తే భుజాల దగ్గర సాగి కొమ్ములొస్తాయి, మడిచే పెట్టాలి. కోటు మాత్రం వెడల్పాటి హ్యాంగర్‌కు వేసి నూలు సంచి తొడగాలి. బరువైన రగ్గులు అడుగున, పల్చని శాలువాలు పైన. గాలి పీల్చేసే ప్లాస్టిక్ సంచులు పాలిస్టర్ రగ్గులకు బాగుంటాయి, అటక మీద చోటు మిగులుతుంది. అందులో ఉన్నిని పెడితే పోగు అణిగిపోయి వెచ్చదనం తగ్గుతుంది, కొంచెం తేమ మిగిలినా అది లోపలే ఉడుకుతుంది.

వేపాకు, వస కొమ్ము, లవంగాలు, పొగాకు, వట్టివేరు పెట్టడం పాత పద్ధతులు. వీటి ఘాటు పురుగును కొంతవరకు దూరంగా ఉంచుతుంది, అప్పటికే లోపలున్న గుడ్లనూ పిల్లపురుగులనూ చంపదు. పచ్చి వేపాకు వేస్తే తేమ, మరక రెండూ వస్తాయి. నీడలో ఎండబెట్టి, పలచని గుడ్డలో మూటగట్టి, రెండు నెలలకోసారి మార్చాలి. కర్పూరం కూడా ఇలాంటిదే, గాలిలో కలిసిపోయాక దాని పని అయిపోయినట్టే. శుభ్రంగా ఉతికిన బట్టల మధ్య ఇవి చాలు. ఉతకని బట్టల మధ్య ఎన్ని పెట్టినా చాలవు.

కలరా ఉండలు లేదా డాంబర్ గోలీలు అనేవి నాఫ్తలీన్. ఇది తారు నుంచి తీసే పదార్థం, డాంబర్ అనే పేరు అందుకే. ఈ గట్టి పదార్థం ద్రవం కాకుండానే ఆవిరవుతుంది. ఆ ఆవిరి పెట్టెలో దట్టంగా నిండితేనే పురుగు చస్తుంది. తలుపు సందులున్న బీరువాలో నాలుగు ఉండలు వేస్తే వాసన మాత్రం ఇంటికి మిగులుతుంది. ఆవిరి గాలికంటే బరువు గనుక ఉండలను గుడ్డలో కట్టి బట్టల పైన పెట్టాలి, అడుగున కాదు. కర్పూరాన్నీ నాఫ్తలీన్‌నూ ఒకే పెట్టెలో వేయకూడదు, రెండూ కలిస్తే కరిగి బట్టల మీద జిడ్డు మరక పడుతుంది. ఐరోపా సమాఖ్య 2008లో నాఫ్తలీన్ ఉండలను నిషేధించింది. మన దగ్గర కిరాణా కొట్లో దొరుకుతూనే ఉన్నాయి.

తెలుగునాట ఉన్నికి అసలు గండం ఎండాకాలం కాదు. చల్లటి దేశాల పుస్తకాలు 'వేసవికి దాచడం' అని రాస్తాయి, అక్కడ పురుగు పెరిగేది వేసవిలో. ఇక్కడ రోహిణి కార్తె వేడి పురుగుకు కూడా కష్టమే. 25, 30 డిగ్రీల వెచ్చదనం, గాలినిండా తేమ అది కోరుకునే వాతావరణం. అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం, నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు కూడా. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో బూజు బెడద అదనం. మార్చిలో మూసి మళ్లీ కార్తీకంలోనే తెరిచే పెట్టె ఈ నాలుగైదు నెలలూ ఎవరి కంటా పడకుండా ఉంటుంది. వానల మధ్య తెరిపిచ్చిన రోజు చూసి, ఆగస్టులో ఒకసారి, దసరా ముందు ఒకసారి పెట్టె తెరిచి బట్టలు విప్పి దులిపి, మడత మార్చి పెడితే చాలా నష్టం తప్పుతుంది. సిలికా జెల్ పొట్లాలు వేస్తే తేమ తగ్గుతుంది.

పురుగు పడిన గుర్తులు తెలుసుకోవడం కష్టం కాదు. సాలెగూడు లాంటి పోగులు, అన్నం మెతుకంత గొట్టాలు, ఇసుక రేణువుల్లాంటి రెట్ట కనిపిస్తాయి. ఎర్ర స్వెటర్ తిన్న పురుగు రెట్ట కూడా ఎర్రగానే ఉంటుంది. అలాంటి బట్టను వెంటనే వేరుచేసి, చిన్నదైతే ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి కట్టి, ఫ్రిజ్ పైభాగంలో మైనస్ 18 డిగ్రీల దగ్గర రెండు వారాలు ఉంచాలి. బయటికి తీశాక సంచి వేడెక్కే దాకా విప్పకూడదు, విప్పితే చెమ్మ దిగుతుంది. ఫ్రిజ్‌లో పట్టని రగ్గుకు మే నెల ఎండ ఉంది. 50 డిగ్రీలు దాటిన వేడి గంట రెండు గంటలు మడత లోపలి దాకా చేరితే పురుగులు గుడ్లతో సహా చస్తాయి. రంగు వెలవకుండా తిరగేసి, గట్టిగా బ్రష్ చేసి ఎండబెట్టాలి. తెల్ల ఉన్ని ఎక్కువ ఎండకు పసుపు తిరుగుతుంది. చిల్లు పడ్డాక రఫూ చేయించడం తప్ప దారి లేదు. మంచి రఫూ పనివాడి చేతిలో పశ్మీనా మీది చిల్లు ఎక్కడుందో పోల్చుకోలేం గానీ, ఆ కూలి మామూలు స్వెటర్ ఖరీదును దాటిపోతుంది.

చలి మొదలై పెట్టె తెరిచాక బట్టలను రెండు రోజులు గాలికి, లేత ఎండకు ఆరేయాలి. నాఫ్తలీన్ వేసి ఉంటే ఒకసారి ఉతకాలి కూడా, దాని ఆవిరి పోగుల్లో చాలాకాలం నిలిచి ఉంటుంది. పెద్దవాళ్లకు అది తలనొప్పి, వికారంతో పోవచ్చు. జి6పిడి అనే ఎంజైమ్ లోపం ఉన్న పసిపిల్లలకు మాత్రం నాఫ్తలీన్ ఎర్ర రక్తకణాలను విరగ్గొట్టి తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఆ లోపం ఉందని చాలా కుటుంబాలకు బిడ్డకు జబ్బు చేసేదాకా తెలియదు. అక్క బిడ్డకు వాడిన రగ్గును చెల్లెలి బిడ్డకు దాచి ఉంచడం మన ఇళ్లలో మామూలే. ఆ మూటలో ఎండిన వేపాకు వేయండి, కలరా ఉండ ఒక్కటి కూడా వద్దు.